షామ్‌రాక్ ఇచ్చారు.. చురకలు అందుకున్నారు! ట్రంప్‌తో ఐర్లాండ్ ప్రధాని భేటీలో అసలేం జరిగింది?

మార్చి వచ్చిందంటే ఐర్లాండ్ ప్రధాని వాషింగ్టన్ విమానం ఎక్కాల్సిందే. సెయింట్ పాట్రిక్స్ డే సందర్భంగా అమెరికా అధ్యక్షుడికి గిన్నె నిండా షామ్‌రాక్ ఆకులు అందించడం ఆనవాయితీ. 1952లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌కు ఐర్లాండ్ రాయబారి ఒక చిన్న పెట్టెలో ఈ ఆకులు పంపడంతో ఇది మొదలైంది. మామూలుగా నవ్వులు, ఫొటోలతో ముగిసిపోతుంది. కానీ 2025 మార్చి 12న జరిగిన భేటీ మాత్రం అలా సాగలేదు. స్టీల్, అల్యూమినియం దిగుమతులపై అమెరికా 25 శాతం టారిఫ్‌లు అమల్లోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే.

ట్రంప్ కోపం ఎందుకు?

ఓవల్ ఆఫీసులో ఐర్లాండ్ ప్రధాని మీహాల్ మార్టిన్‌ను పక్కన కూర్చోబెట్టుకునే ట్రంప్ లెక్కలు తీశారు. ఐర్లాండ్ అమెరికాను వాడుకుంటోందా అని విలేకర్లు అడిగితే అవునన్నారు. అమెరికా ఫార్మా పరిశ్రమ మొత్తం ఆ చిన్న దీవి చేతుల్లోకి వెళ్లిపోయిందన్నారు. అయితే తప్పు ఐర్లాండ్‌ది కాదని, తెలివితక్కువగా వదిలేసిన గత అమెరికా నాయకులదేనని ముక్తాయించారు.

అంకెలు చూస్తే విషయం అర్థమవుతుంది. 2024లో ఐర్లాండ్ జనాభా 54 లక్షల లోపే. హైదరాబాద్ నగరం కంటే తక్కువ. అయినా 2024లో ఆ దేశం నుంచి అమెరికా కొన్న సరుకు విలువ సుమారు 10,300 కోట్ల డాలర్లు. అమ్మింది మాత్రం సుమారు 1,650 కోట్ల డాలర్లే.

అసలు మతలబు ఇక్కడే ఉంది

ఈ సరుకులో పెద్ద వాటా మందులదే. అవి తయారుచేసేది ఎవరు? చాలావరకు అమెరికా కంపెనీలే! ఫైజర్, ఎలీ లిల్లీ, జాన్సన్ అండ్ జాన్సన్.. అన్నిటికీ అక్కడ ప్లాంట్లున్నాయి. మార్టిన్ సొంత ఊరు కార్క్ దగ్గరి రింగస్కిడీలోనే ఫైజర్ ఫ్యాక్టరీ ఉంది. కారణం పన్ను. అమెరికాలో కార్పొరేట్ ట్యాక్స్ 35 శాతం ఉన్న రోజుల్లో ఐర్లాండ్‌లో 12.5 శాతమే. తర్వాత అమెరికా 21 శాతానికి తగ్గించింది, ఐర్లాండ్ పెద్ద కంపెనీలకు 15 శాతం చేసింది. తేడా తగ్గినా ప్లాంట్లు అక్కడే ఉండిపోయాయి. అంటే ఐర్లాండ్ మందులపై టారిఫ్ వేస్తే ఆ దెబ్బ అమెరికా కంపెనీలకూ తగులుతుంది.

మార్టిన్ ఎందుకు ఎదురు చెప్పలేదు?

అంతకు రెండు వారాల ముందే, ఫిబ్రవరి 28న, అదే గదిలో జెలెన్‌స్కీతో జరిగిన గొడవ ప్రపంచమంతా చూసింది. అందుకే మార్టిన్ ఆచితూచి మాట్లాడారు. వ్యాపారం రెండు వైపులా సాగుతోందని, రయాన్‌ఎయిర్, ఏర్‌క్యాప్ లాంటి ఐరిష్ సంస్థలు బోయింగ్ విమానాలు భారీగా కొంటున్నాయని గుర్తు చేశారు. ఇంకో చిక్కూ ఉంది. ఐర్లాండ్ ఈయూ సభ్యదేశం. టారిఫ్‌లపై సొంతంగా బేరం ఆడుకోలేదు. ఆ అధికారం బ్రస్సెల్స్‌దే.

యుద్ధాల మాటేంటి?

ఉక్రెయిన్ విషయంలో ఇద్దరి మాట కలిసింది. ముందు రోజే జెడ్డాలో 30 రోజుల కాల్పుల విరమణకు ఉక్రెయిన్ ఒప్పుకుంది. ట్రంప్ శాంతి ప్రయత్నాలను మార్టిన్ మెచ్చుకున్నారు. గాజా దగ్గరే దూరం. 2024 మేలో పాలస్తీనాను దేశంగా గుర్తించిన ఐర్లాండ్‌పై ఇజ్రాయెల్ గుర్రుగా ఉంది. డబ్లిన్‌లో ఎంబసీ మూసేస్తున్నట్లు కూడా ప్రకటించింది. గాజా ప్రజల తరలింపుపై ప్రశ్న రాగానే ట్రంప్ అడ్డుకుని, పాలస్తీనియన్లను ఎవరూ వెళ్లగొట్టడం లేదన్నారు. మార్టిన్ మాత్రం శాంతి, బందీల విడుదల గురించే మాట్లాడారు. వివాదం జోలికి పోలేదు.

మర్నాడే మరో షాక్

అమెరికా స్టీల్ టారిఫ్‌లకు బదులుగా 2,600 కోట్ల యూరోల విలువైన అమెరికా సరుకుపై సుంకాలు వేస్తామని ఈయూ ప్రకటించింది. అందులో అమెరికా విస్కీ కూడా ఉంది. దీంతో యూరప్ మద్యంపై 200 శాతం వేస్తానని మార్చి 13న ట్రంప్ హెచ్చరించారు. ఐరిష్ విస్కీకి పెద్ద మార్కెట్ అమెరికాయే!

మనకేంటి సంబంధం?

అన్ని దేశాల మందులపైనా 25 శాతం లేదా అంతకన్నా ఎక్కువ టారిఫ్ వేసే ఆలోచన ఉందని ట్రంప్ ఫిబ్రవరిలోనే చెప్పారు. హైదరాబాద్ ఫార్మా కంపెనీలకు అమెరికా కీలక మార్కెట్. మన దగ్గర నుంచి వెళ్లేవి ఎక్కువగా తక్కువ ధర జెనరిక్స్. వాటిపై లాభం అంతంతమాత్రమే. స్నేహ దేశమైన ఐర్లాండ్‌కే మినహాయింపు దొరకకపోతే మన కంపెనీలకు దొరుకుతుందా? 2025 ఏప్రిల్ 2న ప్రతీకార టారిఫ్‌లు ప్రకటిస్తానని అప్పట్లో ట్రంప్ చెప్పారు. డబ్లిన్‌తో పాటు హైదరాబాద్ చూపు కూడా అప్పుడు ఆ తేదీ మీదే నిలిచింది.