కాగిన నూనె మళ్లీ కడాయిలోకి వద్దు

జవహర్‌నగర్, షామీర్‌పేట, మేడ్చల్ వైపు నుండి బీపీ, గుండె జబ్బులతో మా ఓపీకి వచ్చే తల్లులను, వేయించగా మిగిలిన నూనె ఏం చేస్తారని అడుగుతుంటాం. "డబ్బాలో పోసి పెడతాం సిస్టర్, మళ్లీ పూరీలకు పనికొస్తుంది" అంటారు. నూనె ధర మాకూ తెలుసు, అందుకే తప్పుపట్టం. కానీ ఆ డబ్బాలో ఉన్నది మీరు కొన్న మంచి నూనె కాదు.

కాగితే ఏమవుతుంది?

పిండిలోని తడి, పొయ్యి వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి నూనెను విడగొడతాయి. అందులోని కొవ్వు ఆమ్లాలు విడిపోతాయి, కొన్ని చెడి హానికర పదార్థాలుగా మారతాయి. మరికొన్ని ఒకదానికొకటి అతుక్కుని నూనె చిక్కబడుతుంది. బాగా మాడితే ఆక్రోలిన్ అనే ఘాటైన ఆవిరి పుట్టి కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. ఇలాంటి నూనెనే పదే పదే తింటే గుండెకు, రక్తనాళాలకు ముప్పు పెరుగుతుంది.

వడగడితే మాడిన ముక్కలు పోతాయి గానీ చెడిన నూనె బాగుపడదు. కొత్త నూనె కలిపితే అదీ త్వరగా చెడుతుంది.

ఇలా చెడిన పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడరాదని 2018 జూలై 1 నుండి దేశంలో నియమం ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం కాబట్టి కంటితో, ముక్కుతో గుర్తించాలి. నల్లబడినా, జిగటగా మారినా, నురగ వచ్చినా, కొద్ది వేడికే పొగ లేచినా ఆ నూనె వద్దు.

ఇలా చేయండి

1. చిన్న కడాయిలో కొద్ది నూనె పోసి, కొంచెం కొంచెంగా వేయించండి.
2. పొగ వచ్చేదాకా కాచకండి.
3. మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడేయండి. మళ్లీ వేయించడానికి వాడకండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇదే.
4. చెడిన నూనెను మోరీలో పోయకండి. పాత కాగితానికి పీల్చి చెత్తబుట్టలో వేయండి.
5. పండుగ విందుల్లో ఎక్కువగా మిగిలితే, బయోడీజిల్ తయారీకి సేకరించే అనుమతి ఉన్నవారికి ఇవ్వవచ్చు.

మిగిలిన నూనెను దాచడం కంటే, మిగలకుండా పోసుకోవడమే అసలైన పొదుపు. ఈ పండుగకు గారెలు, మురుకులు చేసేటప్పుడు మా మాట గుర్తుంచుకోండి. బీపీ, షుగర్ ఉన్నవారికి మాత్రం రెండు చాలు!