చూపునకు నడిబొడ్డు

సికింద్రాబాద్ ప్రాంతంలోని బేగంపేటలో చరిత్రకెక్కిన పాత భవనం ఒకటి ఉంది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ దోమ జీర్ణాశయాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలిస్తూ, దాని గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ అన్వేషణకు సూక్ష్మదర్శిని సాధనమైందని అందరూ ఎరుగుదురు. అయితే అంతకంటె సున్నితమైన సాధనం మరొకటి ఆయన కంటిలోనే ఉంది. దాని వెడల్పు సుమారు 5.5 మిల్లీమీటర్లు మాత్రమే. శాస్త్ర గ్రంథాలు దానిని పచ్చచుక్క అంటాయి. వైద్యులు మాక్యులా అంటారు.

కంటి వెనుక గోడకు లోపలివైపున పలుచని పొర ఒకటి పరచుకొని ఉంటుంది. అది నేత్రపటలం. వెలుగును గ్రహించే కణాలు అందులో రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసే దండాలు సుమారు 12 కోట్లు; పట్టపగటి వెలుగులో రంగులను, సూక్ష్మ వివరాలను గుర్తించే శంకువులు సుమారు 60 లక్షలు. ఈ శంకువులు అత్యంత దట్టంగా కూడిన చోటు పచ్చచుక్క నడుమనున్న చిన్న గుంట. మనం దేనిని సూటిగా చూసినా దాని ప్రతిబింబం ఆ గుంటలోనే పడుతుంది. అక్షరం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదుటివారి ముఖం గుర్తుపట్టడం – ఇవన్నీ దాని పనులే. నేత్రపటలంలోని మిగిలిన భాగం పరిసరాలను, కదలికలను, అడ్డంకులను తెలియజేస్తుంది.

ఈ పని విభజనను గ్రహించడానికి ప్రయోగశాల అవసరం లేదు. తెలుగువారి పెండ్లిళ్ళలో వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపే ఆచారం ఉంది. అటువంటి మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే అది కనుమరుగైనట్లు తోస్తుంది. చూపును కాస్త పక్కకు జరిపితే తిరిగి కనబడుతుంది. పచ్చచుక్క నడుమ దండాలు లేకపోవడమే దీనికి కారణం. పగటికి రాజైన ఆ చుక్క చీకటిలో పేదదే.

పచ్చచుక్కకు ఆ రంగునిచ్చేవి ల్యూటిన్, జియాజాంథిన్ అనే వర్ణకాలు. వీటిని శరీరం స్వయంగా తయారుచేసుకోలేదు. ఆకుకూరలు, మొక్కజొన్న, గుడ్డులోని పచ్చసొన మొదలైన వాటి నుండి ఇవి లభిస్తాయి. తీక్ష్ణమైన నీలికాంతిని ఇవి కొంతవరకు అడ్డుకొంటాయి. కానీ ఈ రక్షణకు హద్దు ఉంది. ఆ హద్దు దాటినప్పుడు గాయం తప్పదు.

పచ్చచుక్కకు గాయం కలిగించే వాటిలో మొదట చెప్పదగినది సూర్యుడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దక్షిణ భారతం మీదుగా సాగింది. హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల్-రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. అదే సమయంలో ఎందరో భయంతో తలుపులు మూసుకొని ఇండ్లలోనే ఉండిపోయారు. నిజానికి గ్రహణ కాలంలో సూర్యుని నుండి కొత్త విషమేదీ వెలువడదు. మామూలు రోజున సూర్యుని చూడబోతే కన్ను తానే మూసుకుపోతుంది. గ్రహణమప్పుడు వెలుగు తగ్గడంతో కన్ను తెరచి చూడగలుగుతాము. మిగిలిన సన్నని అంచు నుండి వచ్చే కాంతి మాత్రం నేత్రపటలంపై అంతే తీవ్రతతో పడుతుంది. అసలు ప్రమాదం అక్కడ ఉంది. తలుపులు మూసుకొనే భయమూ, వట్టి కంటితో చూసే సాహసమూ రెండూ తెలియనితనం నుండి పుట్టినవే.

ఈ గాయం ప్రధానంగా కాంతి వల్ల కణాలలో జరిగే రసాయనిక మార్పుల ఫలితం. నేత్రపటలంలో నొప్పిని తెలిపే నాడులు లేవు. అందువల్ల గాయపడుతున్నట్లు చూసేవారికి తెలియదు. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు మరునాటికి, చూపు నడుమ మచ్చ ఏర్పడుతుంది. చాలామందిలో కొన్ని నెలలకు చూపు మెరుగుపడినా, కొందరిలో ఆ మచ్చ శాశ్వతంగా నిలిచిపోతుంది. మహామేధావి న్యూటన్ సైతం యౌవనంలో అద్దంలో సూర్యబింబాన్ని చూసి, దాని ఛాయ కళ్ళను వీడక, కొన్ని రోజులు చీకటి గదిలో గడపవలసి వచ్చింది. ఈ విషయాన్ని ఆయనే 1691లో జాన్ లాక్‌కు రాసిన లేఖలో తెలిపాడు.

రెండవది దెబ్బ. సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో ఆడుకొనే కుర్రవానికి క్రికెట్ బంతి కంటికి తగిలిందనుకొందాం. బంతి తాకింది ముందు భాగానికే. కానీ ఆ క్షణంలో కనుగుడ్డు ముందు నుండి వెనుకకు అణగి, పక్కలకు ఉబ్బుతుంది. ఆ అదురు వెనుక గోడ వరకు చేరుతుంది. నేత్రపటలం తెల్లగా కమిలిపోతుంది. జర్మన్ వైద్యుడు బెర్లిన్ దీనిని 1873లో వర్ణించాడు. ఈ కమిలిక తరచు కొద్ది వారాలలో తగ్గిపోతుంది. దెబ్బ బలమైనదైతే పచ్చచుక్క నడుమ రంధ్రం పడవచ్చు; దాని వెనుకనున్న రక్తపటలం చిట్లి మచ్చకట్టవచ్చు. బయటికి కన్ను ఎప్పటివలెనే కనబడవచ్చు.

మూడవది లేజర్. చేతిలో ఇమిడే లేజర్ దీపాలను ఆటవస్తువులుగా భావించేవారు ఉన్నారు. శక్తిమంతమైన లేజర్ కిరణాన్ని కంటి కటకం సూదిమొనంత చోట కేంద్రీకరిస్తుంది. రెప్పపాటు వ్యవధి కూడా లేకుండానే పచ్చచుక్క కాలిపోవచ్చు.

పచ్చచుక్క గాయపడినవారి ప్రపంచం విచిత్రంగా మారుతుంది. ఎదుట నిలిచిన మనిషి జుట్టు, చీర అంచు, చేతి సంచి కనబడతాయి. ముఖం ఉండవలసిన చోట మసక ఉంటుంది. తిన్నని తలుపు చట్రం వంకరపోతుంది. రంగులు వెలిసిపోయినట్లుంటాయి. చదువుతున్న పదంలో నడిమి అక్షరం మాయమవుతుంది. అయినా నడకకు లోటుండదు. అటువంటి వ్యక్తి సికింద్రాబాద్ స్టేషనులో జనసమ్మర్దం నడుమ ఎవరినీ తాకకుండా నడిచిపోగలడు; కానీ రైలు పేరు తెలిపే పలకను చదవలేడు. చూసేవారికి ఇది నటన అనిపిస్తుంది. నల్లబల్లపై రాసినది కనబడదన్న విద్యార్థిని సోమరి అనడం, పలకరించలేదని స్నేహితుని గర్వి అనడం ఇటువంటి అపోహలే. గాయం కంటె ఈ మాటలే ఎక్కువ బాధిస్తాయి.

మరొక చిక్కు కూడా ఉంది. గాయం ఒక కంటికే అయితే రెండవ కన్ను ఆ లోపాన్ని కప్పివేస్తుంది. కనుక ఒక్కొక్క కంటిని వేరువేరుగా పరీక్షించుకోవాలి. స్విట్జర్లాండ్ వైద్యుడు మార్క్ ఆమ్‌స్లర్ ఇందుకు సులభమైన గడుల పటాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 10 సెంటీమీటర్ల చతురస్రంలో 5 మిల్లీమీటర్ల గడులు గీసి, నడుమ చుక్క పెట్టాలి. దానిని సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక కన్ను మూసుకొని చుక్కనే చూడాలి. గీతలు వంకరగా కనబడినా, గడులు మాయమైనా వెంటనే నేత్రవైద్యుని సంప్రదించాలి. నేత్రపటలపు పొరలను కాంతి సహాయంతో చిత్రించే ఓ.సి.టి. పద్ధతి 1991లో వెలువడింది. పచ్చచుక్క రంధ్రాన్ని శస్త్రచికిత్సతో మూయవచ్చునని అదే సంవత్సరం వైద్యులు చూపారు. యువకులలో దెబ్బవల్ల పడిన రంధ్రం కొన్నిసార్లు దానంతటదే పూడుకొంటుంది.

చికిత్సకు లొంగని గాయం కూడా బ్రతుకును ఆపలేదు. పచ్చచుక్క పక్కనున్న ఆరోగ్యవంతమైన భాగంతో చూడడం సాధనతో అలవడుతుంది. 1987లో హైదరాబాదులో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మందదృష్టి గలవారికి భూతద్దాల వంటి సాధనాల వాడకంలోను, నిత్యకృత్యాలలోను శిక్షణ ఇస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వంతో పాటు మందదృష్టిని కూడా వైకల్యంగా గుర్తించింది.

భక్తి పారవశ్యంలో శివునికి కన్నును అర్పించిన తిన్నని కథను ధూర్జటి కావ్యం తెలుగువారికి అందించింది. ఆ త్యాగానికి అర్థముంది. క్షణకాలపు కుతూహలానికో, ఆటలో నిర్లక్ష్యానికో కంటిని బలిచేయడానికి అర్థం లేదు. గ్రహణాన్ని ప్రమాణీకరించిన సౌర కళ్ళద్దాలతోనే చూడాలి; లేదా అట్టకు చేసిన సన్నని రంధ్రం గుండా నేలపై పడే సూర్యబింబాన్ని చూడాలి. గట్టి బంతితో ఆడేటప్పుడు ముఖకవచం ధరించాలి. లేజర్‌ను ఎవరి ముఖంపైకీ తిప్పరాదు. ‘నాకు సరిగా కనబడడం లేదు’ అని తోటివారు చెప్పినప్పుడు ఆ మాటను నమ్మాలి. చూపును కాపాడుకోవడం ఎంత అవసరమో, చూపు తగ్గినవారిని అర్థం చేసుకోవడమూ అంతే అవసరం.