నేలలోని సూక్ష్మజీవుల ఇచ్చిపుచ్చుకోళ్ళు - పప్పుధాన్యముల రైతులు తెలిసికొనవలసిన సంగతులు

పెసర చేను పూతకు వచ్చిన తరుణములో, నేల తడిగా ఉన్నప్పుడు, ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పారతో పెకలించి చూడండి. వేళ్ళను లాగకుండా నీళ్ళలో మెల్లగా కడిగినచో వాటిని అంటుకొని చిన్న చిన్న బుడిపెలు కనిపించును. ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల లేత ఎరుపు రంగు ఉన్నచో ఆ బుడిపె గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించుచున్నదని గుర్తు. పూత దశలో కూడా లోపల తెల్లగా ఉన్నచో అది మొక్క పెట్టిన తిండి తినుచున్నదే కాని, దానికి బదులు ఏమియు ఇచ్చుట లేదు.

ఒకే చేలో ఈ రెండు విధముల బుడిపెలు ఎందుకుండును? మంచి రైజోబియం కల్చరు ఒకసారి వేసిన నేలలో కొన్ని సంవత్సరములకు పనిచేయని బుడిపెలు ఎక్కడినుండి వచ్చును? ఈ ప్రశ్నలకు జవాబు నేలలోని సూక్ష్మజీవుల నడుమ జరుగు ఇచ్చిపుచ్చుకోళ్ళలో ఉన్నది.

నేలలోని కాపురము

సారవంతమైన నేలలో చిటికెడు మట్టి తీసికొన్నను అందులో కోట్లకొలది బాక్టీరియాలుండును. ఇవి ఎవరి దారి వారిదిగా బ్రతుకునవి కావు. ఒక్కొక్క బాక్టీరియా కొద్దిపాటి రసాయన పదార్థమును బయటకు విడుచుచుండును. తమవారు పలుచగా ఉన్నప్పుడు ఆ పదార్థము చెదరిపోవును. ఒకచోట గుంపు పెరిగినప్పుడు అది చిక్కబడును. ఆ చిక్కదనమును బట్టి 'మనము పదిమందిమి చేరినాము' అని తెలిసికొని, ఒంటరిగా చేసిన ఫలితములేని పనులను అన్నియు కలిసి మొదలుపెట్టును. ఊరిలో దండోరా విని జనము చెరువు పనికి కదలినట్లే ఇదియును.

పప్పుజాతి మొక్కకును బాక్టీరియాకును మధ్య కూడ ఇట్టి సంభాషణ కలదు. వేరు ఒక పదార్థమును మట్టిలోనికి విడుచును. దానిని గుర్తించిన రైజోబియం తన గుర్తును తిరిగి పంపును. ఆ గుర్తు సరిపోయినచో వేరుమీది నూగు వంగి బాక్టీరియాను లోనికి రానిచ్చును. అక్కడ బుడిపె కట్టును. బుడిపెలున్న మొక్కలే గాలిలోని నత్రజనిని వాడుకొనగలవని 1886లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ వెల్లడించెను. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ ఆ బుడిపెలలోని బాక్టీరియాను వేరుచేసి పెంచెను. నేడు మనము వాడు కల్చరు పొట్లములకు మూలము ఇదియే.

లక్షణములు చేతులు మారుట

ఒంగోలు కోడెకు మంచి మూపురము దాని తల్లిదండ్రులనుండి రావలసినదే. పక్క కొట్టములోని ఎద్దునుండి అది రాదు. బాక్టీరియాల విషయము అట్లుకాదు. వంశలక్షణములను మోయు జన్యువులను అవి పొరుగువానినుండి కూడ పొందగలవు. ఇది మూడు విధములుగా జరుగును.

మొదటిది, రెండు బాక్టీరియాలు దగ్గరకు చేరి ఒకటి రెండవదానికి జన్యువులను అందించుట. దీనిని అమెరికాలో లెడర్‌బర్గ్, టాటమ్ అను శాస్త్రజ్ఞులు 1946లో ప్రకటించిరి. రెండవది, చచ్చిన బాక్టీరియా వదిలిన జన్యుపదార్థమును బ్రతికినది గ్రహించుట. ఇంగ్లండులో గ్రిఫిత్ 1928లో చేసిన ప్రయోగములలో దీని జాడ మొదట బయటపడినది. మూడవది, బాక్టీరియాలకు సోకు వైరసులు ఒకదాని జన్యువులను మరియొకదానికి మోసికొనిపోవుట.

న్యూజిలాండు పొలములో కనుగొన్న సంగతి

ఇది ప్రయోగశాలలోనే కాక పొలములోను జరుగునా? న్యూజిలాండులోని ఒటాగో ప్రాంతములో 1986లో ఒక బీడు భూమిలో లోటస్ అను పప్పుజాతి పశుగ్రాసమును వేసిరి. ఆ నేలలో లోటస్‌కు బుడిపెలు కట్టించగల బాక్టీరియా లేదు. అందువలన విత్తనమునకు ఒకే తెగ కల్చరు పట్టించిరి.

ఏడేండ్ల తరువాత ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ మొక్కల బుడిపెలను పరీక్షించగా, వాటిలో వేసిన తెగయే కాక పలు ఇతర తెగలు కూడ కనిపించినవి. ఇవి ఆ నేలలో మునుపటినుండి ఉన్న స్థానిక బాక్టీరియాలు. కల్చరులోని బాక్టీరియానుండి బుడిపెలు కట్టు జన్యువుల మూటను మొత్తముగా అందుకొని ఇవి కొత్త విద్య నేర్చినవి. ఈ సంగతిని 1995లో ప్రకటించిరి. ఆ మూట సుమారు 5 లక్షల జన్యు అక్షరముల పొడవు కలదని 1998లో తేల్చి, దానికి 'సహజీవన ద్వీపము' అని పేరు పెట్టిరి.

విద్య వచ్చినది, పనితనము రాలేదు

ఇంతవరకు విన్నవారు 'మంచిదేగదా, మన నేల బాక్టీరియాలన్నియు పని నేర్చుకొనును' అనవచ్చును. పశ్చిమ ఆస్ట్రేలియా అనుభవము అట్లు లేదు. అక్కడ మధ్యధరా ప్రాంతమునుండి తెచ్చిన బిసెర్యులా అను పశుగ్రాసమునకు మంచి తెగ కల్చరు పట్టించి విత్తిరి. ఆరేండ్లకు అక్కడను స్థానిక బాక్టీరియాలు ఆ మూటను అందుకొన్నవి. అయితే వాటిలో కొన్ని బుడిపెలు కట్టినవే కాని నత్రజనిని తక్కువగా ఇచ్చినవి. ఒక తెగ అసలే ఇవ్వలేదు. పైగా వేరుమీద చోటు సంపాదించుటలో ఇవి అసలు కల్చరుతో గట్టిగా పోటీపడగలిగినవి.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. స్థానిక బాక్టీరియా ఆ నేల ఎండకు, ఆమ్లమునకు, ఎద్దడికి అలవాటుపడినది. కాని బుడిపె కట్టుట ఒక పని, నత్రజనిని సమృద్ధిగా ఇచ్చుట మరియొక పని. రెండవ పనికి అందుకొన్న జన్యువులును, దానికి పుట్టుకతో వచ్చిన జన్యువులును బాగుగా పొత్తు కుదరవలెను. కాడి ఒకటే అయినను ఎద్దులు జోడు కుదరనిదే దుక్కి సాగదు.

మొక్క కూడ ఊరుకొనదు. పనిచేయని బుడిపెలకు ప్రాణవాయువు సరఫరా తగ్గించి శిక్షించునని సోయాచిక్కుడుపై జరిపిన ప్రయోగములలో 2003లో తేలినది. కాని ముందుగా చోటు ఆక్రమించిన బుడిపెల స్థానములో మంచివి కట్టుటకు అదను దాటిపోవచ్చును.

మనము చేయవలసినది

మన చేలలో పెసర, మినుము, కంది, వేరుశనగలకు బుడిపెలు కట్టు స్థానిక బాక్టీరియాలు చాలచోట్ల ముందే ఉన్నవి. వాటిలో మంచివి ఉన్నవి, సోమరులు ఉన్నవి. విత్తనమునకు పట్టించిన కల్చరు మొలక వేరును ముందుగా చేరుకొనును. కల్చరు వాడుటలోని కిటుకు ఇదియే. కనుక 'ఒకసారి వేసినాము, ఇక అక్కరలేదు' అనుకొనక, ప్రతి పంటకు కొత్త కల్చరు పట్టించుట మేలు.

1. పంటకు తగిన కల్చరునే అడిగి తీసికొనవలెను. శనగ కల్చరు వేరు, సోయాచిక్కుడు కల్చరు వేరు, పెసర, మినుము, కంది వర్గమునకు వేరు. సోయాచిక్కుడు కొత్తగా వేయు నేలలో కల్చరు తప్పనిసరి.

2. పొట్లముపై గడువు తేదీ చూడవలెను. ఇది ప్రాణమున్న సరుకు. ఎండలోను, ఎరువుల బస్తాలపైనను ఉంచరాదు.

3. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము వేసి పది నిమిషములు మరిగించి, పూర్తిగా చల్లార్చవలెను. దానిని 8 కిలోల విత్తనముపై చిలకరించి, 200 గ్రాముల కల్చరు కలిపి, గింజకు పొరవలె పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. వేడి ద్రావణము పోసినచో కల్చరు చచ్చును.

4. తెగుళ్ళ మందు పట్టించవలసియున్నచో ముందు దానిని పట్టించి ఆరనిచ్చి, కల్చరును చిట్టచివర పట్టించవలెను.

5. యూరియా అధికముగా వేయరాదు. నేలలో నత్రజని పుష్కలముగా దొరికినచో మొక్క బుడిపెలను కట్టనీయదు. భాస్వరమును మాత్రము సిఫారసు మేరకు వేయవలెను.

6. చేలో నాలుగు సాళ్ళు కల్చరు పట్టించని విత్తనముతో ముందుగా విత్తి, తరువాత తక్కినది విత్తవలెను. పూత సమయమున రెండుచోట్ల మొక్కలు తీసి ఎర్ర బుడిపెలను లెక్కించి చూడవలెను.

గ్రామాధికారులు తమ ఊరిలో ఒక్క చేనినైనను ఎంచుకొని, పదిమంది రైతుల ఎదుట బుడిపెలు చీల్చి చూపినచో, ఎంత చెప్పినను తెలియని సంగతి కంటితో తెలియును. బస్తా యూరియాను డబ్బు పెట్టి కొనుచున్నాము. నత్రజనిని ఊరకనే ఇచ్చు పనివారు మన వేళ్ళ దగ్గరనే ఉన్నారు. వారిలో పనిచేయువారికి ముందు చోటు చూపుట మాత్రము రైతు చేతిలో ఉన్నది.