బీటుకు లింకు డాక్యుమెంట్లు

“అన్నా, పైసలు కట్టినం గదా, బీటు ఇగ మాదే గదా!”

హైదరాబాద్ నాచారంలోని మా చిన్న రికార్డింగు గదికి వచ్చే కుర్రాళ్లలో ఈ మాట అననివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉప్పల్, చిలుకానగర్, మల్లాపూర్, రామంతాపూర్ నుంచి వస్తారు. ర్యాప్ కంఠతా వచ్చి ఉంటుంది, దాని వెనక మోగే సంగీతం, అదే బీటు, ఫోన్లో ఉంటుంది. లైసెన్సు కాగితం ఏదిరా అంటే యూపీఐ స్క్రీన్‌షాట్ చూపిస్తారు. డబ్బు ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు పోయిందో అందులో ఉంటుంది. బదులుగా ఏ హక్కు వచ్చిందో ఒక్క అక్షరమూ ఉండదు. నెలల తరబడి రాసుకున్న పాట ఈ ఒక్క లోటుతో యూట్యూబ్ నుంచి దిగిపోవడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఉప్పల్‌వాళ్లకు భూమి భాషలో చెబితే ఈ సంగతి వెంటనే ఎక్కుతుంది. భగాయత్ లేఅవుట్‌లో హెచ్ఎండీఏ ప్లాట్లు వేలం వేసినప్పటి నుంచీ చాయ్ బండి దగ్గర కూడా లింకు డాక్యుమెంట్ల (స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత పత్రాలు), ఈసీల (తాకట్ల వివరాలు చెప్పే సర్టిఫికెట్లు) ముచ్చటే. ఆ లెక్కన చూస్తే, తక్కువ ధరకు దొరికే బీటు కిరాయి ఇల్లు. వ్యవహారంలో దాన్ని లీజు అంటారు, లేదా నాన్‌ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు అంటారు. ఓనరు బీటు చేసిన ప్రొడ్యూసరే. ఎన్నేళ్లు ఉండొచ్చు, ఎన్ని స్ట్రీముల దాకా చెల్లుతుంది, వీడియో తీయొచ్చా, స్టేజీ మీద పాడొచ్చా, పాట పక్కన ప్రొడ్యూసర్ పేరు ఎట్లా వేయాలి, ఇవన్నీ అగ్రిమెంటులో ఉంటాయి. మామూలు ఇంటికి లేని వింత ఒకటుంది: అదే గదిలో, అదే రోజున, ఇంకో యాభై మంది కిరాయిదార్లు ఉండొచ్చు. అందరి దగ్గరా సరైన అగ్రిమెంటే ఉంటుంది. ఎక్స్‌క్లూజివ్ కొన్నారంటే ఇకమీదట కొత్తవాళ్లను దించనని ఓనరు మాటిచ్చినట్టు. అంతకుముందే దిగినవాళ్లు సాధారణంగా తమ గడువు తీరేదాకా ఉంటారు. హక్కులన్నీ మీ పేర రాసిస్తేనే అది రిజిస్ట్రేషన్‌తో సమానం. ఓనరు ఒకనాడు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు కూడా. అంటే ప్రొడ్యూసర్ తన ఖాతా మూసేస్తాడు, బీటు పేజీ మాయమవుతుంది, లైసెన్సు దించుకునే లంకె పనిచేయదు. మీ ప్రతి మీ దగ్గర లేకపోతే మీరు ఆ ఇంట్లో ఉన్నట్టు సాక్ష్యమే ఉండదు.

మరి లింకు డాక్యుమెంట్లు? ప్రొడ్యూసర్‌కు ఆ బీటు ఎట్లా వచ్చిందో చెప్పేవి అవి. 2018లో లిల్ నాస్ ఎక్స్ అనే అమెరికన్ కుర్రాడు బీట్‌స్టార్స్‌లో (బీట్లు అమ్మే సైటు) 30 డాలర్లకు ఒక బీటు తీసుకున్నాడు. దాన్ని చేసింది నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో. అందులో వాడిన తీగవాద్యపు ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం 2008లో విడుదల చేసిన ఆల్బంలోది. ఆ బీటు మీద లిల్ నాస్ ఎక్స్ చేసిన పాటే ‘ఓల్డ్ టౌన్ రోడ్’. పాట పెద్దదయ్యాక ఆ బృందంలోని ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్‌ల పేర్లు కర్తల జాబితాలోకి వచ్చాయి. 2019లో అది బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ వ్యవహారం తేలి పాట నిలబడింది. మన దగ్గర ఎనభైల సినిమా పాటలోంచి నాలుగు సెకన్ల వయొలిన్ కోసి, దాని మీద డ్రమ్ములు వేసి అమ్ముతున్నారు. పైన అగ్రిమెంటు శుభ్రంగా ఉన్నా పునాది పక్కవాళ్ల స్థలంలో ఉంది. ఎనిమిది సెకన్లలోపు వాడుకుంటే తప్పులేదని ఒక నమ్మకం తిరుగుతోంది. మన కాపీరైట్ చట్టంలో అట్లాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. బాణీ మీది హక్కు పాడిన గొంతుకు ఎంత వేరైనదో 2017లో తెలుగువాళ్లంతా చూశారు. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి సంగీత దర్శకుడు ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. బాలసుబ్రహ్మణ్యం గొంతుతోనే లోకానికి తెలిసిన పాటల గురించి!

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లని, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకేనని హక్కుల బదిలీ గురించిన 19వ సెక్షన్ అంటుంది. 30ఏ సెక్షన్ ఆ నియమాలను లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. మీ శ్రోతల్లో సగంమంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ‘ప్రపంచమంతటా’ అన్న ఒక్క మాట ఎంత విలువైనదో ఆలోచించండి. స్నేహితుడే బీటు చేశాడు కదా అని నోటిమాటతో సరిపెట్టుకునేవాళ్లు ముఖ్యంగా ఆలోచించాలి.

అసలు ప్రమాదం వచ్చేది కంటెంట్ ఐడీ దారిలో. యూట్యూబ్ పెట్టిన ఈ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే కాగితాల మీద శ్రద్ధ తనంతట తానే వస్తుంది. హక్కుదారు తన ఆడియోను అప్పగిస్తే, యంత్రం ఆ ధ్వనికి వేలిముద్రలాంటిది తీసి దాచుకుంటుంది. తర్వాత ఎవరు ఏ వీడియో ఎక్కించినా దానితో పోల్చి చూస్తుంది. కలిసిందంటే క్లెయిమ్ పడుతుంది, ప్రకటనల డబ్బు క్లెయిమ్ చేసినవాళ్లకు మళ్లవచ్చు. ఇప్పుడు ఒకే బీటును ఉప్పల్‌లో ఒకడు, వరంగల్‌లో ఒకడు, బ్రెజిల్‌లో ఒకడు లీజుకు తీసుకున్నారనుకోండి. బ్రెజిల్‌వాడు పాట వదులుతూ, దాన్ని వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంటెంట్ ఐడీ గడికి టిక్కు పెట్టాడు. యంత్రం తీసిన వేలిముద్రలో వాడి గొంతూ ఉంది, బీటూ ఉంది. గొంతు మొదలవక ముందు పదిహేను సెకన్లు వట్టి బీటే. ఉప్పల్ పాట మొదలూ అచ్చంగా అదే. యంత్రానికి అగ్రిమెంట్లు తెలియవు, ధ్వని కలిసిందా లేదా అన్నదొక్కటే తెలుసు. దాంతో ఉప్పల్ కుర్రాడి మీద, వరంగల్ కుర్రాడి మీద క్లెయిమ్ పడుతుంది. అందుకే చాలా లీజుల్లో కంటెంట్ ఐడీలో నమోదు చేయరాదని షరతు ఉంటుంది. ఆ టిక్కు మీరూ పెట్టకండి, ఇంకొకడి పాటను మీరు దెబ్బతీసినవాళ్లవుతారు.

క్లెయిమ్ పడితే డిస్ప్యూట్ వేయాలి. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు, ఇవ్వకపోతే క్లెయిమ్ పోతుంది. క్లెయిమ్ పడ్డ 5 రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆ 5 రోజులూ పాత ఫోన్లో, పోయిన పాస్‌వర్డ్ వెనక, లైసెన్సు వెతుకుతూ గడిపినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కడ న్యూమరాలజీ గురించి చెప్పకుండా ఉండలేను. పాట ఆడలేదని సంఖ్యాశాస్త్ర పండితుడి దగ్గరికి వెళ్లి, పేరులో ఒక అక్షరం పెంచుకుని వస్తారు. లైసెన్సు ఒక స్పెల్లింగుతో, డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఇంకో స్పెల్లింగుతో, బ్యాంకు ఖాతా మూడో స్పెల్లింగుతో. ఈ ముగ్గురూ ఒకరేనని క్లెయిమ్ చూసేవాళ్లకు ఎవరు చెప్పాలి? అక్షరం కలిపితే శ్రోతలు పెరగరు, మీ కాగితాలు మాత్రం మీవి కాకుండా పోతాయి. లైసెన్సు మీద ఆధార్‌లోని పేరూ స్టేజీ పేరూ రెండూ రాయించుకోండి.

ఇదే నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో కట్టారు. ఆ కాలపు సినిమాకు కాగితాలు చూడటానికి మేనేజరుండేవాడు, దాయడానికి ఆఫీసులో బీరువా ఉండేది. ఈనాటి ర్యాపర్‌కు గాయకుడు, నిర్మాత, గుమాస్తా అన్నీ తనే. అందుకని బీరువా తేలిగ్గా ఉండాలి. ప్రొడ్యూసర్‌కో ఫోల్డర్ పెట్టకండి, పాటకో ఫోల్డర్ పెట్టండి. రేపు ఎవరడిగినా పాట పేరు చెప్పే అడుగుతారు. అందులో లైసెన్సు పీడీఎఫ్, రసీదు, ప్రొడ్యూసర్ పంపిన అసలు ఆడియో ఫైలు, కొన్ననాటి బీటు పేజీ స్క్రీన్‌షాట్, ఇతరుల ముక్కలేవీ వాడలేదని ప్రొడ్యూసర్ రాసిన ఈమెయిల్ ఉండాలి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ ఆ వరసలో ముందు రాస్తే అన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి. బీటు పేరు ఒకటి, మీ పాట పేరు ఇంకొకటి కాబట్టి రెండూ రాయాలి.

దీనికి తోడు ఒక్క షీటు. పాట, బీటు, ప్రొడ్యూసర్, లైసెన్సు రకం, గడువు తేదీ, స్ట్రీముల పరిమితి, పేరు వేయాల్సిన తీరు, రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య. గడువుకు రెండు నెలల ముందు మోగేలా ఫోన్లో గుర్తు పెట్టుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున అన్ని వేదికల స్ట్రీములూ కూడి పరిమితి పక్కన వేయండి. లక్ష స్ట్రీములకు లైసెన్సు తీసుకున్న పాట ఎనభై వేలు దాటిందంటే పై రకానికి మారాల్సిన సమయం వచ్చింది. ఫోల్డరూ షీటూ బీటు దించుకున్న రోజే తయారు చేయాలి, నాగోల్ నుంచి తార్నాక చేరేలోపు మెట్రోలోనే అయిపోతుంది.

ఇప్పటికే వదిలేసిన పాటలకు కాగితం లేకపోతే ఇవాళే ప్రొడ్యూసర్‌కు ఈమెయిల్ రాయండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు. “ఫలానా తేదీన ఇంత చెల్లించి మీ ఫలానా బీటు తీసుకున్నాను, ఈ పేరుతో పాట విడుదల చేశాను. ఏ రకం లైసెన్సో, ఎన్నేళ్లకో, ఏ దేశాలకో దయచేసి తిరుగు ఈమెయిల్‌లో రాయండి” అని అడిగి, చెల్లింపు రసీదు జతచేయండి. జవాబు రాగానే దాన్ని పీడీఎఫ్ చేసి ఆ పాట ఫోల్డర్లో పెట్టండి, ఇంకో ప్రతి ఇంట్లో వేరే డ్రైవులో ఉంచండి.