ప్లీడరు సస్పెండైతే కక్షిదారు గతేమిటి?

కేసు ఆగదు, వాయిదా ఆగదు - కట్ట తెచ్చుకోవడమే మొదటి పని

పొద్దున్నే మొదటి బస్సెక్కి, సద్దిమూట చంకన పెట్టుకుని వాయిదాకు వచ్చిన రైతుకు కోర్టు వరండాలో తన ప్లీడరు కనిపించడు. గుమాస్తాను అడిగితే నసుగుతాడు. చివరకు టీ బడ్డీ దగ్గర ఎవరో చెబుతారు - ‘ఆయన్ను సస్పెండు చేశారట గదా!’ అని. పొలం దస్తావేజు, పాసు పుస్తకం, శిస్తు రసీదులు అన్నీ ఆయన బీరువాలోనే వున్నాయి. ఫీజు ముందే ముట్టజెప్పాడు. ఇక రెండెకరాల పొలం ఏం కాను?

ఇలాంటి సమయంలో చాలామంది కక్షిదారులు లబోదిబోమంటూ ఇంటిముఖం పడతారు. అదే పెద్ద పొరపాటు.

1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షను కింద, తప్పు చేసిన ప్లీడరును రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం మందలించవచ్చు, కొంతకాలం సస్పెండు చేయవచ్చు, జాబితా నుంచి పేరే తీసివేయవచ్చు. సస్పెన్షన్ గడువులో ఆయన దేశంలో ఏ కోర్టులోనూ, ఏ అధికారి ముందూ వకాల్తా నడపరాదు. ఆర్.డి.ఓ. ముందు నడిచే భూమి తగాదాలకూ ఇది వర్తిస్తుంది. ‘అప్పీలు చేశాను, మీకేం ఫరవాలేదు’ అని ఆయన చెప్పినా నమ్మి కూర్చోరాదు. అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు, స్టే ఉత్తర్వు రావాలి. హక్కు లేకుండా వాదించినవారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష వుంది.

వాయిదా తప్పరాదు

ప్లీడరు సస్పెండైనా కేసు తనంతట తాను ఆగదు. కాబట్టి కక్షిదారు స్వయంగా కోర్టులో హాజరై, ఉన్న సంగతి జడ్జీకి విన్నవించుకుని, మరో ప్లీడరును పెట్టుకోవడానికి గడువు కోరాలి. తన కేసు తాను చెప్పుకునే హక్కు ప్రతివారికీ వుంది. వెంటనే కొత్త ప్లీడరు చేత వకాల్తా వేయించాలి. పాత ప్లీడరు సమ్మతి సంతకం పెట్టకపోతే ఆ విషయం రాసి కోర్టు అనుమతి కోరవచ్చు. అంతకు ముందు దాఖలైన దావా, ఇచ్చిన సాక్ష్యం ఎక్కడికీ పోవు. అవి కోర్టు ఫైలులోనే వుంటాయి.

కొత్త ప్లీడరుకు ఇచ్చుకోలేనివారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థను అడగాలి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. నిర్ణీత ఆదాయానికి లోబడిన పేదలకూ ఈ సాయం వుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

కట్ట ఆపడానికి వీల్లేదు

‘బాకీ ఫీజు ఇస్తేనే కాగితాలిస్తా’ అనే ప్లీడర్లు లేకపోలేదు. అయితే ఫీజు బాకీకి కేసు కట్టను పట్టుకు కూర్చునే హక్కు ప్లీడరుకు లేదని, అలా చేయడం వృత్తి దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి.సక్సేనా కేసులో చెప్పింది. కాగితాలు కోరుతూ రిజిస్టరు ఉత్తరం రాసి, రసీదు భద్రపరచుకోవాలి. ఈలోగా కోర్టులో దరఖాస్తు పెట్టి దాఖలైన కాగితాలకు నకళ్ళు తీసుకోవచ్చు.

కేసు పోయిందని తెలిస్తే?

ఎవరూ హాజరు కాక దావా కొట్టివేసినా, ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా సాధారణంగా 30 రోజుల్లో పునరుద్ధరణకు పిటిషను వేసుకోవాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని కోరాలి. తాను చేయవలసిందంతా చేసి, ప్లీడరును నమ్ముకున్న పల్లెటూరి కక్షిదారు ఆ ప్లీడరు తప్పుకు నష్టపోరాదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కానీ ప్రతి కేసులో ఈ మాట అక్కరకు రాదు. కక్షిదారు తానూ కనిపెట్టుకుని వుండాలని 1993లో అదే కోర్టు సలీల్ దత్తా కేసులో స్పష్టం చేసింది. తెలిసిన రోజునే కదలడం అందుకే ముఖ్యం.

డబ్బు మాటేమిటి?

పని చేయకుండా తీసుకున్న ఫీజుకు, జరిగిన నష్టానికి సివిలు కోర్టులో దావా వేయవచ్చు. వినియోగదారుల ఫోరానికి పోయే దారి మాత్రం లేదు. ప్లీడర్ల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నష్టపరిహారం సొమ్మో, డిక్రీ సొమ్మో కాజేసి వుంటే బార్ కౌన్సిల్‌కు, పోలీసులకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు బార్ కౌన్సిళ్ళున్నాయి.

ముందు జాగ్రత్తగా ప్రతి కక్షిదారు కేసు నంబరు, 16 అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఇంట్లో రాసి పెట్టుకోవాలి. ఆ నంబరుతో ఊళ్ళో చదువుకున్న కుర్రాడెవరైనా సెల్‌ఫోనులో తర్వాతి వాయిదా ఎప్పుడో చూసి చెబుతాడు. కోర్టులో దాఖలు చేసేదాకా అసలు దస్తావేజులు తన దగ్గరే వుంచుకుని ప్లీడరుకు జిరాక్సు ఇవ్వాలి. ఫీజుకు రసీదు అడగాలి. అడిగితే ప్లీడరుగారు ఏమనుకుంటారో అనే మొహమాటం తర్వాత పొలం మీదికి తెస్తుంది.