నిలువెత్తు రూపచిత్రాలలో వెలుగునీడలు: ప్రుదోన్ అభ్యాసచిత్రాల పరిశీలన

చిత్రకళాభ్యాసంలో నిలువెత్తు మానవరూపాన్ని గీయడం కఠినమైన పరీక్ష. ముఖాన్నో చేతినో విడిగా చక్కగా తీర్చగల విద్యార్థి సైతం తల నుండి పాదాల వరకు ఒక రూపాన్ని నిలబెట్టవలసి వచ్చినప్పుడు తడబడతాడు. దోషం కొలతలలో ఉందని సాధారణంగా భావిస్తారు. అయితే కొలతలు సరిపోయిన చిత్రాలలోనూ అవయవాలు అతికించినట్లు కనిపిస్తుంటాయి. అందుకు కారణం వెలుగునీడల నిర్వహణలో ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు పియెర్ పోల్ ప్రుదోన్ (1758–1823) నీలికాగితంపై నలుపు, తెలుపు సుద్దలతో గీసిన నగ్నరూప అభ్యాసచిత్రాలు ఈ విషయాన్ని గ్రహించడానికి తోడ్పడతాయి. విద్యార్థి దశతో ముగియవలసిన ఈ అభ్యాసాన్ని ఆయన ప్రఖ్యాతి పొందిన తరువాత కూడా విడువలేదు.

తెల్లకాగితంపై కాగితమే అత్యధికమైన వెలుగు. అక్కడి నుండి నీడలోకి దిగడమొక్కటే మార్గం. నీలికాగితం నడిమి ఛాయగా పనిచేస్తుంది కనుక చిత్రకారుడు నలుపుతో నీడలోకి, తెలుపుతో వెలుగులోకి రెండు దిశలలోనూ సాగగలడు. నలుపు, తెలుపు ఒకదానినొకటి తాకరాదని, కలిస్తే బూడిదరంగు ముద్దగా మారుతాయని శిక్షణలో చెబుతారు. ప్రుదోన్ ఈ నియమానికి కట్టుబడలేదు. సుద్దను రుద్ది మెత్తని పొరగా పరచి, దానిపై శరీరపు వంపులను అనుసరించే సన్నని గీతలను చేర్చారు. ఈ చిత్రాలలో అనేకం కాలక్రమంలో నీలం వెలిసి బూడిద, గోధుమ ఛాయలకు తిరిగాయి. కాబట్టి నేటి ప్రేక్షకుడు చూస్తున్నది ఆయన ఎంచుకున్న నడిమి ఛాయను కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నిలువెత్తు చిత్రంలో అసలు సమస్య దూరానిది. తలకు 2 మీటర్ల దూరంలో, పాదాలకు 3 మీటర్ల దూరంలో ఒక చిన్న దీపం ఉన్నదనుకుంటే, దూరం కారణంగానే పాదాలను చేరే కాంతి తలపై పడేదానిలో 4/9 వంతు మాత్రమే. ఎత్తైన కిటికీ నుండి వచ్చే వెలుగులో ఈ తేడా ఇంతగా ఉండదు గాని ఉంటుంది. భుజంపై ఉంచిన తెలుపునే మోకాలిపైనా ఉంచితే ఆ మోకాలికి వేరొక దీపం పెట్టినట్లవుతుంది. రెండవది, వెలుగు ముగిసి నీడ మొదలయ్యే సరిహద్దు. అది మెడ, పక్కటెముకలు, కటి, తొడ, పిక్కల మీదుగా సాగుతూ శరీరం ఎక్కడ మెలి తిరిగిందో, బరువు ఏ కాలిపై నిలిచిందో తెలుపుతుంది. ఎముక దగ్గర అది పదునుగా, మెత్తని కండపై మసకగా ఉంటుంది. ఈ సరిహద్దును ముందుగా ఒకే ప్రవాహంగా గుర్తించక కండరాలను విడివిడిగా ఉబ్బించడం వల్లనే రూపం ముక్కలవుతుంది.

భారతీయ సంప్రదాయంలోనూ ఛాయాకల్పన ఉంది. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం దానిని ‘వర్తన’ అని పేర్కొని పత్రజ, ఐరిక, బిందుజ భేదాలను చెప్పింది. అక్కడ గుండ్రదనమే ప్రధానం. వెలుగు ఏ దిక్కు నుండి వస్తున్నదన్న ప్రశ్నకు అంత ప్రాముఖ్యం లేదు. దీనిని లోపంగా చూడటం సరికాదు. రెండు పద్ధతుల ప్రయోజనాలు వేరు. బొంబాయి సర్ జె.జె. కళాశాలలో శిక్షణ పొందిన రాజమహేంద్రవర చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) కృషిని ఈ రెండింటి నడుమ ఉంచి పరిశీలించడం సముచితం.

నేడు పలువురు ఛాయాచిత్రాలను చూసి అభ్యసిస్తున్నారు. కెమెరా పక్కనే వెలిగే ఫ్లాష్ నీడను శరీరం వెనుకకు నెట్టివేస్తుంది. సరిహద్దు రేఖే మాయమవుతుంది. ఒకవైపు నుండి వెలుగు పడినప్పుడు కూడా ఫోటోలో నీడ తరచు ఒకే నలుపుగా గడ్డకడుతుంది. నేలపై పడి పిక్కల వెనుక భాగానికి తిరిగి వచ్చే మసక వెలుగు ఆ నలుపులో దొరకదు. మోడల్ ఎదుట కూర్చున్న అభ్యాసికి మాత్రం, కళ్లు నీడకు అలవాటు పడిన కొద్దిసేపటికే అది కనిపిస్తుంది.