తోక ఎందుకు వంకరపోయింది?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ కొసన చిత్తడి అడవులున్నాయి. వాటిలో ప్యూమా అనే పెద్దపిల్లి వుంటుంది. పెరిగిన ప్యూమాకు చారలుండవు, మచ్చలుండవు. ఒళ్ళంతా లేత గోధుమరంగే. 1990 ప్రాంతానికి అక్కడ యివి 20, 30 మాత్రమే మిగిలాయి. వాటిని పట్టి పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఒక వింత కనిపించింది. చాలావాటికి తోక చివర కొక్కెంలా వంగి వుంది. వీపు మీద వెంట్రుకలు సుడి తిరిగాయి. అంతవరకైతే నష్టం లేదు. కాని కొన్నిటి గుండెలో రంధ్రం వుంది. మగవాటిలో సంతానశక్తి క్షీణించింది.

యిది అంటురోగం కాదు. మరేమిటి?

మీ యింట్లో ఒకే పాఠ్యపుస్తకం రెండు ప్రతులున్నాయనుకోండి. ఒకదానిలో 40వ పేజీ చిరిగిపోతే రెండోదానిలో చూసి చదువుకుంటారు. రెంటిలోనూ అదే పేజీ లేకపోతే? ఆ పాఠం రానట్టే గదా! జన్యువులు కూడా మనకు రెండేసి ప్రతులుగా వస్తాయి. ఒకటి తల్లి నుంచి, మరొకటి తండ్రి నుంచి. ఒకదానిలో లోపమున్నా చాలాసార్లు రెండోది పని నడిపిస్తుంది. తల్లీ తండ్రీ దగ్గర బంధువులైతే, ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం యిద్దరిలోనూ దాగి వుండవచ్చు. అప్పుడు బిడ్డకు రెండూ చెడ్డ ప్రతులే రావచ్చు. మేనరికాలు వద్దని డాక్టర్లు చెప్పేది యిందుకే.

మనమైతే పొరుగూరి సంబంధం చూసుకుంటాం. ప్యూమాకు ఆ వీలేదీ? ఒకప్పుడు ఫ్లోరిడా నుంచి టెక్సాస్ దాకా యివి వ్యాపించి వుండేవి. వేట, పొలాలు, పట్నాలు నడుమ వున్నవాటిని తుడిచిపెట్టాయి. మిగిలినవి తమలో తామే జతకట్టాయి.

ఆ అడవిని చీల్చుకుపోయే ‘ఎలిగేటర్ ఆలీ’ రహదారిని వెడల్పు చేసినప్పుడు దాని కింద జంతువుల కోసం 24 దారులు విడిచారు. పక్కన ఎత్తైన కంచె వేశారు. కంచె వెంబడి నడిచిన జంతువు చివరికి దారి దగ్గరకే చేరుతుంది. (కంచె లేకుండా దారి ఒక్కటే కడితే డబ్బు దండగని నా అభిప్రాయం.) ఆ మేర ప్యూమాలు వాహనాల కింద పడటం దాదాపు ఆగింది. అయితే తోకలు తిన్నబడలేదు! ఎందుకో ఆలోచించండి. రోడ్డుకు అటున్నవీ యిటున్నవీ ఒకే కుటుంబం. కొత్త జన్యువు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకని 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. వాటిలో 5 పిల్లల్ని పెట్టాయి. ఆ సంతతిలో వంకర తోకలు, గుండె లోపాలు బాగా తగ్గాయి. పదిహేనేళ్ళు తిరగకముందే ప్యూమాల సంఖ్య సుమారు మూడింతలయింది. ఫ్లోరిడా ప్యూమాల సొంత లక్షణాలు మరుగున పడకుండా, తెచ్చినవాటిలో బతికున్నవాటిని 2003 నాటికి మళ్ళీ పట్టి తీసేశారు.

అవతల వేరే కుటుంబం వుంటే మాత్రం యింత శ్రమ అక్కర్లేదు. హైదరాబాదు నుంచి నాగపూరు మీదుగా ఉత్తరానికి పోయే 44వ జాతీయ రహదారి పెంచ్ అడవిని దాటుతుంది. తూర్పున కన్హా అడవి వుంది. రెంటిలోనూ పులులున్నాయి. అక్కడ 9 చోట్ల రోడ్డును ఎత్తి కింద దారి వదిలారు. 2019లో వాటి కింద అమర్చిన కెమెరాల్లో దుప్పులు, అడవిపందులు, పులులు నడిచిపోతూ కనిపించాయి. అన్ని పులులూ దాటనక్కర్లేదు. తరానికి ఒకటి రెండు అవతలికి చేరి జతకట్టినా కొత్త జన్యువులు అందుతాయి.